చమురు కంపెనీ మీద ఊరు పోరాడుతుంటే ఫొటోలు ఎలా తీయాలి

చమురు కంపెనీకి వ్యతిరేకంగా ఒక ఊరు రోడ్డెక్కిందని తెలియగానే కెమెరా భుజాన వేసుకుని బయల్దేరేవాళ్లు చాలామంది ఉంటారు. ప్లకార్డులు, బిగించిన పిడికిళ్లు, పోలీసుల లాఠీలు, గొంతు చించుకుని అరుస్తున్న ఒక ముసలామె ముఖం. ఇవి దొరికితే పని అయిపోయిందని వెనక్కి వచ్చేస్తారు. ఆ ఫొటోలు చూసినవాళ్లకు అక్కడ గొడవ జరిగిందని తెలుస్తుంది. ఎందుకు జరిగిందో మాత్రం తెలియదు.

చమురు తవ్వకం వల్ల జరిగే నష్టంలో ఎక్కువ భాగం నెమ్మదిగా జరుగుతుంది, కంటికి ఆనదు. దాని మీద పోరాటం కూడా ఏళ్ల తరబడి సాగుతుంది. నైజీరియాలోని ఒగోనీ ప్రాంతమే చూడండి. అక్కడ 1958 నుంచి చమురు తీశారు. 1993 జనవరి 4న సుమారు 3 లక్షల మంది ఒగోనీలు వీధుల్లోకి వచ్చారు. వాళ్ల నాయకుడు కెన్ సారో-వివాను, మరో ఎనిమిది మందిని 1995 నవంబర్ 10న సైనిక ప్రభుత్వం ఉరి తీసింది. 2011లో ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగం ఆ నేలను, నీటిని పరీక్షించి, పూర్తిగా శుభ్రం కావడానికి 25 నుంచి 30 ఏళ్లు పట్టవచ్చని తేల్చింది. మూడు లక్షల మంది నడిచింది ఒక్క రోజు. దానికి ముందూ వెనకా ఉన్నవి దశాబ్దాలు. మీ ఫొటోల్లో ఆ దశాబ్దాలు కనపడాలి. కాబట్టి ఈ పని ధర్నా రోజుతో మొదలవదు, ధర్నా రోజుతో అయిపోదు. ఆ లెక్కన ఎలా చేయాలో వరసగా చెబుతాను.

ముందు విషయం తెలుసుకోండి

కెమెరా బయటికి తీసే ముందు, అక్కడ జరుగుతున్న పని ఏ దశలో ఉందో కనుక్కోండి. భూమిలో చమురు ఉందో లేదో చూసే సర్వేనా, బావి తవ్వుతున్నారా, తోడుతున్నారా, పైపులైను వేస్తున్నారా, రిఫైనరీ కడుతున్నారా? ఒక్కో దశలో గొడవ ఒక్కోలా ఉంటుంది. సర్వే దశలో పేలుళ్లకు గోడలు బీటలు వారాయని అంటారు. తవ్వే దశలో బావిలోంచి వచ్చే మట్టి, రసాయనాలు కలిసిన బురద ఎక్కడ పారబోస్తున్నారన్నది ప్రశ్న. తోడే దశలో చమురుతో పాటు ఉప్పునీరు కూడా బోలెడు పైకి వస్తుంది. దాన్ని ఏం చేస్తున్నారో అడగండి. పొలాలు పాడయ్యాయన్న ఫిర్యాదు వెనక చాలాసార్లు ఉండేది చమురు కాదు, ఈ ఉప్పునీరే. ఈ సంగతి తెలియని ఫొటోగ్రాఫర్ నల్లటి మరక కోసం వెతుకుతూ, తెల్లగా ఉప్పు పేరిన పొలాన్ని దాటి వెళ్లిపోతాడు.

చదవాల్సిన కాగితాలు మూడు రకాలు. పర్యావరణ ప్రభావ అంచనా నివేదిక, ప్రజాభిప్రాయ సేకరణ జరిగి ఉంటే దాని రికార్డు, కోర్టు కేసులుంటే వాటి తీర్పులు. కంపెనీ తన గురించి తాను రాసుకున్న వార్షిక నివేదిక కూడా చదవండి, అందులో బావుల సంఖ్య, లీకుల లెక్క దొరకవచ్చు. తర్వాత ఉపగ్రహ చిత్రాల్లో ఆ చోటు పదేళ్ల కింద ఎలా ఉందో, ఇప్పుడు ఎలా ఉందో పక్కపక్కన పెట్టి చూడండి. చమురుతో పాటు వచ్చే గ్యాస్‌ను మండించే చోట్లు రాత్రిపూట తీసిన ఉపగ్రహ చిత్రాల్లో ప్రకాశంగా కనిపిస్తాయి. వాటిని ఒక మ్యాపు మీద గుర్తు పెట్టుకుని, దానిమీదే బడులు, మంచినీటి బావులు, ఇళ్లు కూడా వేసుకోండి. ఎక్కడ నిలబడి ఏం తీయాలో సగం ఆ మ్యాపే చెబుతుంది.

ఊళ్లోకి మనిషిగా వెళ్లండి

మొదటిసారి వెళ్లినప్పుడు కెమెరా సంచిలోనే ఉండనివ్వండి. మీరెవరో, ఎవరి డబ్బుతో వచ్చారో, ఫొటోలు ఎక్కడ వేస్తారో వాళ్ల భాషలో, సూటిగా చెప్పండి. కంపెనీ పంపిన మనిషేమోనని, పోలీసు మనిషేమోనని వాళ్లకు అనుమానం రావడం సహజం. ఆ అనుమానం తీర్చాల్సింది మీరే.

ఉద్యమ నాయకులు మిమ్మల్ని మొదటి రోజే పలకరిస్తారు, కావలసినవన్నీ చూపిస్తారు. వాళ్లు చూపించినవి చూసి, తర్వాత వాళ్లు చూపించనివి వెతకండి. ఊరంతా ఒక్క మాట మీద ఉండడం అరుదు. అదే ఊళ్లో కంపెనీలో జీతానికి చేసేవాళ్లు, భూమి అమ్మి డబ్బు తీసుకున్నవాళ్లు, నష్టపరిహారం వస్తే చాలనుకునేవాళ్లు, ఒక్క బావి కూడా వద్దనేవాళ్లు ఉంటారు. ఒకే ఇంట్లో అన్న కంపెనీ గేటు దగ్గర కాపలా ఉద్యోగం చేస్తుంటే, తమ్ముడు గేటు బయట నినాదం ఇస్తూ ఉండొచ్చు. ఆ ఇద్దరూ సాయంత్రం ఒకే అరుగు మీద కూర్చుంటారు. నన్నడిగితే ఆ అరుగు మీది ఫొటోకి ఉన్న విలువ గేటు దగ్గరి తోపులాట ఫొటోకి లేదు. ఈ చీలికను దాచి, ఊరినంతా ఒకే పిడికిలిలా చూపిస్తే, రేపు కంపెనీవాళ్లు ఒక్క ఉద్యోగి మాటతో మీ పని మొత్తం అబద్ధమని తోసేస్తారు.

అనుమతి ఒక్కసారి అడిగి వదిలేసే విషయం కాదు. ధర్నాలో నిలబడ్డప్పుడు ఫొటో తీయించుకోవడానికి ఒప్పుకున్న మనిషి, అదే ఫొటో పత్రికలో పెద్దగా వస్తుందంటే వద్దనవచ్చు. తీసే ముందు అడగండి, వేసే ముందు మళ్లీ అడగండి. 2016లో అమెరికాలోని స్టాండింగ్ రాక్ దగ్గర, డకోటా యాక్సెస్ పైపులైనుకు వ్యతిరేకంగా మూలవాసులు శిబిరాలు వేసుకున్నప్పుడు, పత్రికలవాళ్లు ముందు వచ్చి పేరు నమోదు చేసుకోవాలని, ప్రార్థనలూ క్రతువులూ అనుమతి లేకుండా తీయకూడదని శిబిరంవాళ్లే నియమాలు పెట్టారు. అలాంటి నియమాలున్న చోట వాటిని అడ్డంకిగా చూడకండి. ఏం చూపించాలో ఏం చూపించకూడదో వాళ్లు ముందే ఆలోచించుకున్నారన్నమాట. మీకు అది పెద్ద సాయం.

గాలి ఎటు వీస్తోందో చూసుకోండి

ఈ భాగం దయచేసి నిదానంగా చదవండి. చమురు, గ్యాస్ ఉన్న చోట్ల ఫొటోగ్రాఫర్లకు పోలీసుల కంటే ముందు ప్రమాదం గాలి నుంచి వస్తుంది.

కొన్ని బావుల్లోంచి హైడ్రోజన్ సల్ఫైడ్ అనే విషవాయువు వస్తుంది. తక్కువ మోతాదులో కుళ్లిన గుడ్ల వాసన వేస్తుంది. పదిలక్షల పాళ్ల గాలిలో ఇది 100 పాళ్లకు చేరితే నిమిషాల్లోనే ముక్కు మొద్దుబారిపోతుంది, వాసన తెలియదు. వాసన ఆగిపోయింది కాబట్టి గాలి బాగుపడిందనుకుంటే ప్రాణం పోతుంది. ఈ వాయువు గాలికంటే బరువు, అందుకే గుంతల్లో, కాలవల్లో, పల్లంలో పేరుకుంటుంది. కింది నుంచి పైకి చూస్తూ నాటకీయంగా ఉండే ఫొటో కోసం కాలవలోకి దిగడం ఫొటోగ్రాఫర్లకు అలవాటు. లీకు ఉన్న చోట ఆ అలవాటు వదిలేయండి. అలాంటి ప్రాంతాల్లో ఎక్కువగా పనిచేసేవాళ్లు చొక్కాకు తగిలించుకునే చిన్న గ్యాస్ డిటెక్టరు కొనుక్కోవడం మంచిది. కొత్త లెన్సు కొనే ముందు అది కొనండి.

గాలి ఎప్పుడూ మీ వైపు నుంచి లీకు వైపు వీయాలి. నిలబడే ముందు కాస్త దుమ్ము వదిలి చూడండి, లేదా పొగ ఎటు పోతోందో గమనించండి. గ్యాస్ లీకైన చోట ఫ్లాష్, ఫోను, డ్రోను ఏవీ వాడకూడదు. మామూలు కెమెరా కూడా నిప్పురవ్వ పుట్టించని పరికరమేమీ కాదు. దూరంగా, ఎత్తుమీద, గాలి మీ వీపు వైపు నుంచి లీకు వైపు వీచే చోట నిలబడి టెలిఫొటో లెన్సుతో తీసింది చాలు. ముడిచమురు పడిన నేల జారుతుంది, కాబట్టి చీలమండ దాటి వచ్చే రబ్బరు బూట్లు వేసుకోండి. చేతికి గ్లవ్స్ లేకుండా దాన్ని తాకకండి. అదే చేత్తో కెమెరా, అదే చేత్తో ముఖం తుడుచుకుంటారు.

కనపడనిదాన్ని తీయడం

ఈ పనిలో అసలు కష్టం ఇక్కడే ఉంది. బావి పేలి మంటలు లేస్తే ప్రపంచమంతా చూస్తుంది. కోనసీమలోని పాశర్లపూడిలో 1995 జనవరి 8న గ్యాస్ బావి నుంచి ఎగసిన మంట 65 రోజులు ఆరలేదు. అస్సాంలోని బాఘ్‌జాన్‌లో 2020 మే 27న బావి అదుపు తప్పి, జూన్ 9న అంటుకుంది. దాన్ని పూర్తిగా అదుపు చేసేసరికి నవంబర్ వచ్చింది. ఇలాంటి మంటల ఫొటోలు తీయడానికి ఎవరో ఒకరు వస్తారు. మంట ఆరాక నేల ఎలా ఉంది, నీళ్లు ఎలా ఉన్నాయి, ఇళ్లు వదిలి వెళ్లినవాళ్లు ఎక్కడున్నారన్నది తీయడానికి వచ్చేవాళ్లు తక్కువ. మీరు చేయాల్సింది ఆ పని.

నీటి మీది చమురు పొరతో మొదలుపెడదాం. ఇంద్రధనుస్సు రంగులు కనిపించేది పొర మీద వెలుతురు ప్రతిబింబించడం వల్ల. చాలామంది అలవాటుగా లెన్సుకు పోలరైజర్ బిగిస్తారు. పోలరైజర్ ప్రతిబింబాల్ని చంపేస్తుంది, దాంతో పాటు మీరు చూపించాలనుకున్న పొర కూడా మాయమవుతుంది. దాన్ని తీసేయండి. మబ్బు పట్టిన రోజున, తెల్లటి ఆకాశం నీళ్లలో కనిపించే కోణంలో వంగి తీస్తే రంగులు బాగా తేలతాయి. బ్లాక్ అండ్ వైట్ ఇక్కడ పనికిరాదు.

తీసే ముందు ఒక పరీక్ష చేయండి. ఇనుము ఎక్కువగా ఉన్న నిలవనీటిలో ఒక రకం బ్యాక్టీరియా కూడా అచ్చం చమురు లాంటి మెరిసే పొర కడుతుంది. పొడుగాటి కర్రతో పొరను కదపండి. పలకలు పలకలుగా విరిగి విడివిడిగా ఉండిపోతే అది బ్యాక్టీరియా పొర కావచ్చు. సుడి తిరిగి మళ్లీ కలిసిపోతే చమురు. ఈ కర్ర పరీక్షను వీడియో తీసి పెట్టుకోండి. ఊరివాళ్లు నిజాయితీగానే పొరబడి ఉండొచ్చు. ఆ పొరపాటు మీ ఫొటో ద్వారా బయటికి వెళితే, నిజమైన లీకు గురించి చెప్పినా రేపు ఎవరూ నమ్మరు.

గ్యాస్ మండే గొట్టాల దగ్గర, సూర్యుడు అస్తమించాక అరగంట సేపు మీ సమయం. అప్పుడు ఆకాశంలో ఇంకా నీలం ఉంటుంది, మంట వెలుతురు ఇళ్ల గోడల మీద పడుతూ ఉంటుంది, రెండూ ఒకే ఫ్రేములో ఇమిడిపోతాయి. పూర్తి చీకటి పడ్డాక మంటకు సరిపెడితే ఇళ్లు నల్లబడతాయి, ఇళ్లకు సరిపెడితే మంట తెల్లటి మచ్చయిపోతుంది. వైట్ బ్యాలెన్సును, అంటే కెమెరా రంగులను సరిచేసే అమరికను, ఆటోలో పెట్టకండి. కెమెరా మంట కాషాయరంగును తప్పుగా భావించి దిద్దేస్తుంది. డేలైట్ దగ్గర స్థిరంగా ఉంచండి. మంట వెలుతురులో ఒక ముఖం తీయాలంటే ఐఎస్‌ఓ 1600 నుంచి 3200, షట్టరు సెకనులో 60వ వంతు దగ్గర మొదలుపెట్టి చూడండి. రాత్రి అనేదే లేకుండా బతికే ఇంటి లోపలికి వెళ్లగలిగితే, కిటికీకి కట్టిన దళసరి గుడ్డను, దాని అంచుల్లోంచి మంచం మీద పడే ఎర్రటి గీతను తీయండి. మంటను నేరుగా చూపించే ఫొటో కన్నా ఆ గీత ఎక్కువ చెబుతుంది.

ఇక్కడొక నిజాయితీ సమస్య ఉంది. 200 మిల్లీమీటర్ల లెన్సుతో తీస్తే రెండు కిలోమీటర్ల అవతలి మంట ఇంటి పెరట్లోనే ఉన్నట్టు కనిపిస్తుంది. చూడ్డానికి బాగుంటుంది, అందరూ పంచుకుంటారు కూడా. కానీ దూరం చెప్పకుండా దాన్ని వాడితే అది చూసేవాణ్ణి మోసం చేస్తుంది. అదే చోటు నుంచి 35 లేదా 50 మిల్లీమీటర్ల లెన్సుతో కూడా ఒకటి తీసి, అసలు దూరాన్ని మ్యాపులో కొలిచి ఫొటో కింది వ్యాఖ్యలో రాయండి.

సహజవాయువులో ఎక్కువ భాగం ఉండే మీథేన్‌కి రంగు లేదు, మామూలు కెమెరాకు అది కనపడదు. దాన్ని చూపించే ప్రత్యేకమైన ఇన్‌ఫ్రారెడ్ కెమెరాలు ఖరీదైనవి, పరిశోధకుల దగ్గరే ఎక్కువగా ఉంటాయి. ముడిచమురులో ఉండే, క్యాన్సర్ తెచ్చే బెంజీన్ అనే రసాయనం నీటిలో కరిగితే అదీ కనపడదు. ఒగోనీ ప్రాంతంలో ఒక ఊళ్లో తాగునీటి బావుల్లో, ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన హద్దుకు 900 రెట్లకు పైగా బెంజీన్ ఉన్నట్టు 2011 నాటి పరీక్షల్లో తేలింది. ఇలాంటిదాన్ని ఫొటోలో ఎలా చెబుతారు? ఒక ఇల్లు ఎంచుకోండి. ఆ ఇంట్లోకి నీళ్లు ఎక్కడి నుంచి వస్తున్నాయో తెల్లారి నుంచి వెంట నడవండి. బిందె పట్టుకున్న చెయ్యి, బావి మీద వేసిన మూత, మూత పక్కన పరీక్ష ఫలితాల కాగితం, బడికెళ్లే పిల్ల నింపుకునే సీసా. కాగితం మీది అంకె చదవగలిగేంత స్పష్టంగా ఉండాలి. ఆ అంకె, ఆ చెయ్యి ఒకే వరసలో వచ్చినప్పుడు కనపడనిది కనపడుతుంది.

ఇంకో పద్ధతి, తీసిన చోటే మళ్లీ మళ్లీ తీయడం. ఒక గట్టు, ఒక మలుపు, ఒక చెట్టు ఎంచుకుని, అదే లెన్సు, అదే ఎత్తు, అదే దిక్కు నుంచి ప్రతి రెండు మూడు నెలలకు ఒక ఫొటో తీయండి. ఎక్కడ నిలబడ్డారో జీపీఎస్ అంకెలు రాసుకోండి, మొదటి ఫొటో ప్రింటు వెంట తీసుకెళ్లి దానికి సరిపోల్చి నిలబడండి. మరక సైజు తెలియాలంటే పక్కన స్కేలు పెట్టి ఒకటి తీయండి, తీసేసి ఒకటి తీయండి. ఇందులో కళ ఏమీ ఉండదు. అయితే కోర్టులో, విచారణ కమిటీ ముందు చివరికి పనికొచ్చేవి చాలాసార్లు ఈ బోసి ఫొటోలే.

ధర్నా రోజు

అందరికంటే ముందు వెళ్లండి. నిన్న రాత్రి ఎవరింట్లో ప్లకార్డులు రాశారో, ఎవరు అక్షరాలు దిద్దారో, ఎవరు రావద్దని ఎవర్ని ఆపారో అదంతా ధర్నాలో భాగమే. జనం చేరేలోపు ఆ చోటు ఒకసారి కలియదిరిగి, పరిగెత్తాల్సి వస్తే ఎటు పోవాలో రెండు దారులు చూసుకోండి. రెండు కెమెరాలుంటే ఒకదానికి 24 నుంచి 35 మధ్య లెన్సు, ఇంకోదానికి 85 చుట్టుపక్కల లెన్సు పెట్టుకోండి. జనం మధ్యలో లెన్సు మార్చే వీలుండదు. ఒక్క ఫోనే ఉంటే ఫోనుతోనే తీయండి, దగ్గరికి నడవండి, జూమ్ చేయకండి.

వేదిక వైపు తిరిగి మాట్లాడేవాళ్లను తీయడం పది నిమిషాల్లో అయిపోతుంది. తర్వాత వెనక్కి తిరిగి వినేవాళ్లను చూడండి. వెనక వరసలో పసిపిల్లను ఎత్తుకుని, కూర్చోవాలా వెళ్లిపోవాలా అని తేల్చుకోలేకపోతున్న అమ్మాయి ఉంటుంది. నీడలో కూలబడి ఇదంతా ఎన్నిసార్లు చూశానన్నట్టు ఉన్న ముసలాయన ఉంటాడు. గేటు అవతల నిలబడి తన ఊరివాళ్లనే చూస్తున్న కాపలా మనిషి ఉంటాడు. పిడికిలి ఎత్తినవాళ్లు కెమెరాను చూసి ఎత్తుతారు, మీరు కెమెరా దించాక దించేస్తారు. "ఇంకోసారి నినాదం ఇవ్వండి" అని ఎప్పుడూ అనకండి. అలా తీసింది ఒక్కటున్నా మిగతావన్నీ అనుమానంలో పడతాయి.

లాఠీచార్జి మొదలైతే పోలీసులకూ జనానికీ మధ్యలో ఇరుక్కోకుండా పక్కనుంచి తీయండి. ఒక్కో ఫొటో ఏరుకుని తీసే సమయం కాదది. తేదీ, సమయం సరిగ్గా ఉన్న కెమెరాతో వరసగా తీస్తే ఎవరు ముందు, ఎవరు తర్వాత అన్నది తేలుతుంది. బాష్పవాయువు వదిలే అవకాశముంటే కాంటాక్టు లెన్సులు పెట్టుకుని వెళ్లకండి. దెబ్బ తగిలిన మనిషి పక్కన మీరొక్కరే ఉంటే కెమెరా దించి సాయం చేయండి. ఈ విషయంలో నాకు రెండో అభిప్రాయం లేదు.

కంపెనీ ఆవరణలోకి అనుమతి లేకుండా అడుగుపెట్టకండి. చాలా దేశాల్లో చమురు కేంద్రాలు భద్రతా ప్రాంతాల కిందికి వస్తాయి, అక్కడ ఫొటోలు తీయడం, డ్రోను ఎగరేయడం కూడా నేరం కావచ్చు. ఆ దేశపు చట్టం ఏమంటుందో ముందే ఒక న్యాయవాదిని అడిగి, ఆయన ఫోను నంబరు చేతి మీద పెన్నుతో రాసుకోండి. ఫోను లాక్కుంటే అందులోని నంబర్లు మీకు దొరకవు. రోడ్డు మీద నిలబడి తీస్తుండగా కాపలావాళ్లు వచ్చి ఫొటోలు చెరిపేయమంటే గొంతు పెంచకుండా, మీరెవరో చెప్పి, పై అధికారితో మాట్లాడతానని చెప్పండి. బెదిరింపు పెరిగితే వెనక్కి తగ్గండి. నిండిన కార్డును ఎప్పటికప్పుడు తీసి వేరే మనిషికి ఇచ్చే ఏర్పాటు ముందే చేసుకుంటే నష్టం తక్కువ.

మీ ఫొటో ఎవరి చేతికి చిక్కుతుంది

మీరు తీసిన ప్రతి ఫొటో పోలీసులు చూస్తారని, కంపెనీ చూస్తుందని అనుకునే తీయండి. ధర్నాలో ఎవరెవరున్నారో కనుక్కోవడానికి పత్రికల్లో వచ్చిన ఫొటోలు చాలు. ఐర్లండ్‌లోని రాస్‌పోర్ట్‌లో కోరిబ్ గ్యాస్ పైపులైనును తమ భూముల్లో అడ్డుకున్నందుకు, కోర్టు ఉత్తర్వు పాటించలేదని ఐదుగురిని 2005లో 94 రోజులు జైల్లో పెట్టారు. వాళ్లు తమ పేరు, ముఖం దాచుకోలేదు. తెలిసే నిలబడ్డారు. అలా తెలిసి నిలబడే మనిషి వేరు, గుంపులో అనుకోకుండా మీ ఫ్రేములోకి వచ్చిన పదహారేళ్ల కుర్రాడు వేరు. మొదటి మనిషి ముఖం చూపించండి, అది అతని హక్కు. రెండో మనిషిని కాపాడండి.

కాపాడడానికి మంచి పద్ధతి తీసేటప్పుడే జాగ్రత్తపడడం. వెనక నుంచి, చేతులు, పాదాలు, వెలుతురుకు ఎదురుగా నల్లటి ఆకారాలు. తీసేశాక దాచాలంటే ముఖం మీద నిండు రంగు పట్టీ వేయండి. మసకబార్చినవాటిని, గళ్లు గళ్లుగా చేసినవాటిని కొన్నిసార్లు తిరిగి పోల్చుకోగలుగుతున్నారు. ముఖం ఒక్కటే దాస్తే చాలదు. చొక్కా మీది అచ్చు, పచ్చబొట్టు, బండి నంబరు, ఇంటి ముందరి బోర్డు చూసి కూడా మనిషిని గుర్తుపడతారు.

ఫైళ్ల విషయంలో రెండు కాపీలు, రెండు పద్ధతులు. అసలు ఫైలును ముట్టుకోకుండా అలాగే ఉంచండి, రా ఫార్మాట్‌లో (కెమెరా దిద్దకుండా ఉంచే ముడి ఫైలు) తీసి ఉంటే మరీ మంచిది. తీసిన సమయం, చోటు అందులో ఉంటాయి, సాక్ష్యంగా నిలబడేది అదే. ఆ రోజే ఎస్‌హెచ్‌ఏ-256 లాంటి పద్ధతితో దాని డిజిటల్ ముద్ర తీసి రాసి పెట్టుకుంటే, తర్వాత ఎవరూ మార్చలేదని చూపించవచ్చు. బయటికి పంపే కాపీ నుంచి మాత్రం జీపీఎస్ వివరాలు తీసేయండి. వాట్సాప్‌లో ఫొటోగా పంపితే ఈ వివరాలు పోతాయి, నాణ్యత తగ్గుతుంది. న్యాయవాదికి పంపేటప్పుడు అదే ఫైలును డాక్యుమెంటుగా పంపండి. అప్పుడు ఫైలు ఉన్నది ఉన్నట్టుగా చేరుతుంది. ఎవరు ఏది పంపమన్నారో తెలియకుండా ఈ రెంటినీ కలపకండి.

ఫోనుకు వేలిముద్ర, ముఖం తాళాలు తీసేసి పొడవాటి అంకెల తాళం పెట్టండి. కార్డులు, హార్డ్ డిస్కులు ఎన్‌క్రిప్ట్ చేయండి. ఒక కాపీ మీ ఇంట్లో కాకుండా వేరే ఊళ్లో ఉండాలి. ఊరివాళ్ల పేర్లు, ఫోను నంబర్లు రాసుకున్న పుస్తకం మాత్రం ఎప్పుడూ కెమెరా సంచిలో పెట్టకండి.

ఫొటో కింద రాసే నాలుగు మాటలు

వ్యాఖ్య లేని చమురు ఫొటోకు విలువ సగమే. ఎక్కడ, ఎప్పుడు, ఎవరు, ఏం జరిగింది అన్నవి అదే రోజు రాత్రి రాయండి, మర్నాటికి ఒక బావి ఇంకో బావిలా కనిపిస్తుంది. మీరు కళ్లారా చూసింది వేరు, ఊరివాళ్లు చెప్పింది వేరు, పరీక్షలో తేలింది వేరు. ఆ మూడింటినీ కలిపి ఒకే వాక్యంలో రాయకండి. "చమురు వల్ల చేపలు చచ్చిపోయాయి" అని రాయడానికి మీ దగ్గర పరీక్ష ఫలితం ఉండాలి. అది లేకపోతే "లీకు తర్వాత చేపలు చచ్చి తేలాయని మత్స్యకారులు చెబుతున్నారు" అని రాయండి. ఈ వాక్యం మెత్తగా ఉన్నట్టు కనిపిస్తుంది గానీ, దాన్ని ఎవరూ పడగొట్టలేరు.

లీకు ఎందుకు జరిగిందన్న దగ్గర మరీ జాగ్రత్త. పైపు తుప్పు పట్టి పగిలిందా, ఎవరైనా దొంగతనానికి కోశారా అన్నది చాలా చోట్ల పెద్ద వివాదం, నష్టపరిహారమంతా దాని మీదే ఆధారపడి ఉంటుంది. నైజీరియాలోని బోడో దగ్గర 2008లో రెండుసార్లు పైపులైను నుంచి చమురు కారింది. ఎంత కారిందన్న దానిపై కంపెనీ మొదట చెప్పిన లెక్క తక్కువదని, కేసు నడుస్తుండగా కంపెనీయే ఒప్పుకోవాల్సి వచ్చింది. చివరికి 2015లో ఆ కంపెనీ, షెల్, 5.5 కోట్ల పౌండ్లు చెల్లించడానికి అంగీకరించింది. లీకు ఏ రోజు మొదలైంది, ఎంత దూరం పాకింది, ఏ రోజు ఆగింది అన్నవి ఇలాంటి కేసుల్లో కోట్ల విలువ చేసే ప్రశ్నలు. తేదీ ఉన్న ఒక మామూలు ఫొటో ఆ ప్రశ్నకు జవాబు కాగలదు. పైపు పగిలిన చోటు కనిపిస్తే సురక్షితమైన దూరం నుంచి దాన్ని అన్ని వైపుల నుంచీ తీయండి. పగులు లోపలికి వంగిందా, బయటికి చీలిందా, అంచులు తుప్పు పట్టాయా, సాపుగా కోసినట్టున్నాయా అన్నది స్పష్టంగా రావాలి. కారణం మాత్రం మీరు తేల్చకండి, ఇంజనీరుకు వదిలేయండి.

కంపెనీని వివరణ అడగండి. అడిగిన తేదీ, ఇచ్చిన జవాబు లేదా ఇవ్వలేదన్న మాట కూడా రికార్డులో ఉండాలి.

ఎంచుకోవడం, బయటపెట్టడం, మళ్లీ వెళ్లడం

వందల ఫొటోల్లోంచి పదిహేనో ఇరవయ్యో ఎంచండి. కోపంగా ఉన్న ముఖాలు రెండుకు మించి వద్దు. పొలం పని, పెళ్లి, బడి, చేపల వల, ఇలా బతుకు మామూలుగా సాగే ఫొటోలు ఉండి తీరాలి. ఏది పోతుందని వాళ్లు భయపడుతున్నారో చూసేవాళ్లకు తెలిసేది వాటి నుంచే. జబ్బుపడ్డ పిల్లల ఫొటోలు చూసేవాళ్లను కదిలిస్తాయి, నిజమే. కానీ ఆ జబ్బుకూ చమురుకూ సంబంధం తేలకుండా వాటిని వాడడం ఆ పిల్లల మీద అన్యాయం. రంగులు పెంచి చమురును ఇంకా నల్లగా, మంటను ఇంకా ఎర్రగా చేయకండి.

బయటపెట్టే ముందు వరస మొత్తం ఊళ్లోవాళ్లకు చూపించండి. ప్రమాదం ఎక్కడుందో వాళ్లకు మీకంటే బాగా తెలుసు. వెనకాల కనిపిస్తున్న ఇల్లు ఎవరిదో, ఆ చొక్కా వేసుకునేది ఊళ్లో ఒక్కడే అని వాళ్లు చెబితే ఆ ఫొటో తీసేయండి, ఎంత బాగున్నా సరే. ఫొటోలు వచ్చాక నెల, రెండు నెలలు ఎవరికైనా బెదిరింపులు వస్తున్నాయేమో ఫోను చేసి కనుక్కుంటూ ఉండండి.

ప్రింట్లు తీసి ఇవ్వండి. ధర్నావే కాకుండా కుటుంబాల ఫొటోలు కూడా. అసలు ఫైళ్ల ఒక కాపీ, వ్యాఖ్యలతో సహా, ఊళ్లో వాళ్లు నమ్మే సంస్థ దగ్గరో, గ్రంథాలయంలోనో పెట్టండి. కేసు పదేళ్లకు విచారణకు వచ్చినా ఆ ఫొటోలు మీ కోసం ఎదురుచూడాల్సిన అవసరం ఉండకూడదు. ధర్నా ఆగిపోయాక, పత్రికలు వెళ్లిపోయాక, బావి తవ్వే రిగ్గును ఇంకో చోటికి తరలించాక మళ్లీ వెళ్లండి. మొదట గుర్తు పెట్టుకున్న చోట, అదే లెన్సుతో నిలబడి, ఆ రోజు తేదీ రాసుకుని, ఇంకో ఫొటో తీయండి.